ఏళ్లుగా వదలని డిప్రెషన్: మందులా, థెరపీయా, రెండూ కలిపా?

రెండేళ్లు దాటినా డిప్రెషన్ వదలనివాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్తే ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "మందులు తప్పవా? కౌన్సెలింగ్‌తో సరిపోదా?" ఇంట్లోవాళ్లు కూడా దీని మీదే రెండు జట్లుగా విడిపోతారు. మాత్రలకు అలవాటు పడిపోతావని ఒకరు భయపెడతారు. మాటలతో ఎక్కడైనా జబ్బు నయమవుతుందా అని ఇంకొకరు కొట్టిపారేస్తారు.

నా సమాధానం ముందే చెబుతాను. ఇంతకాలంగా పాతుకుపోయిన డిప్రెషన్‌కు రెండూ కలిపి మొదలుపెట్టడం మంచిది. ఒకేసారి కుదరకపోతే, మీరు మానకుండా కొనసాగించగలిగినదానితో మొదలుపెట్టండి. అయితే రెండోది ఎప్పుడు కలపాలో ఆ రోజే ఒక తేదీ రాసి పెట్టుకోండి. సగం పనిచేసిన ఒక్క చికిత్సతో సర్దుకుపోయి, "ఇక నా బతుకింతే" అనుకుని ఏళ్లు గడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసమే.

ముందు, ఇది మీ సంగతేనా?

డిప్రెషన్ అనగానే మంచం దిగని మనిషి, ఏడుపు గుర్తొస్తాయి. ఏళ్లుగా ఉన్న డిప్రెషన్ చాలాసార్లు అలా కనిపించదు. ఆ మనిషి పొద్దున్నే లేచి వంట చేస్తారు, ఆఫీసుకు వెళ్తారు, ఈఎంఐలు కడతారు, పెళ్లిళ్లలో ఫొటోలకు నవ్వుతారు. లోపల మాత్రం దేని మీదా ఆసక్తి ఉండదు. ఎంత పడుకున్నా అలసట తీరదు. చిన్న నిర్ణయానికి కూడా గంటలు పడుతుంది. "వాడు మొదటి నుంచీ అంతే, దిగులు మనిషి" అని చుట్టాలు తేల్చేస్తారు. కొన్నాళ్లకు ఆ మనిషి కూడా అదే నమ్మేస్తారు.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5 అనే మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకంలో దీనికి పర్సిస్టెంట్ డిప్రెసివ్ డిజార్డర్ అని పేరు పెట్టారు. అంతకుముందు డిస్థీమియా, దీర్ఘకాలిక మేజర్ డిప్రెషన్ అని విడివిడిగా చూసేవారు. పెద్దల్లో కనీసం 2 ఏళ్లు, పిల్లల్లో, టీనేజర్లలో కనీసం ఒక ఏడాది పాటు, ఎక్కువ రోజులు మనసు కుంగి ఉండాలి. మధ్యలో 2 నెలలకు మించి తెరిపి దొరకకూడదు. దీంతో పాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత, తన మీద తనకు నమ్మకం, రేపటి మీద ఆశ... వీటిలో కనీసం రెండు దెబ్బతిని ఉండాలి. ఎప్పటి నుంచో ఉన్న ఈ దిగులు మీద మధ్యమధ్యలో తీవ్రమైన డిప్రెషన్ కూడా వచ్చి పడుతుంటుంది. అప్పుడు కంగారుపడి వైద్యం చేయించుకుంటారు. తీవ్రత తగ్గగానే మానేస్తారు. అడుగున ఉన్నది అలాగే ఉండిపోతుంది.

మన దగ్గర ఇది మనసు బాధగా కంటే ఒంటి బాధగానే ముందు బయటపడుతుంది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, గ్యాస్, గుండెదడ అంటూ డాక్టర్లను మారుస్తారు, స్కానింగులు చేయిస్తారు. అన్నీ నార్మల్ అని వస్తుంది. పరీక్షలు చేయించడం తప్పేమీ కాదు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, రక్తహీనత ఉన్నా, బీ12 లోపించినా ఇలాంటి నీరసమే వస్తుంది. అందుకే చికిత్స మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీ12, షుగర్ ఒకసారి చూడమని అడగండి.

డాక్టరుకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మీకు గానీ, రక్తసంబంధీకులకు గానీ ఎప్పుడైనా వరుసగా కొన్ని రోజులు నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, ఆగని మాటలు, అడ్డూఅదుపూ లేని ఖర్చు కనిపించాయా? అలాగైతే అది బైపోలార్ కావచ్చు. బైపోలార్ ఉన్నవాళ్లకు డిప్రెషన్ మాత్రలు ఒక్కటే ఇస్తే మానియా (ఇప్పుడు చెప్పిన ఆ విపరీతమైన హుషారు) వైపు తిరగవచ్చు. వాళ్ల చికిత్స దారి వేరు.

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, తిండి మానేసినా, ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపిస్తున్నా పోలికలు చూస్తూ కూర్చోవద్దు. ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

మందులు ఒక్కటే వాడితే

ముందుగా ఇచ్చేవి సాధారణంగా ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు: ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూవాక్సిటిన్ వంటివి. వాటితో ఫలితం చాలకపోతే వెన్లాఫాక్సిన్, డ్యులాక్సిటిన్ లాంటివి ఇస్తారు. నిద్ర, ఆకలి బాగా పోయినవాళ్లకు మిర్టజపిన్ ఇస్తుంటారు. ఇవన్నీ జెనెరిక్‌గా దొరుకుతాయి. జన ఔషధి కేంద్రాల్లో ఇంకా చౌక. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

మందుల వల్ల ఉన్న పెద్ద లాభం, తక్కువ శ్రమతో మొదలుపెట్టవచ్చు. రోజుకు ఒక మాత్ర, నెలకో రెండు నెలలకో ఒకసారి డాక్టరును కలవడం. మనసు విప్పి మాట్లాడే ఓపిక కూడా లేని దశలో ఇది చాలా మేలు. తీవ్రమైన డిప్రెషన్‌లో మందు లేకుండా ముందుకు కదలడం కష్టం.

రెండు వారాల నుంచి కొద్దికొద్దిగా తేడా తెలుస్తుంది. సరైన డోసులో 4 నుంచి 6 వారాలు వాడితే గానీ ఆ మందు పనిచేసిందో లేదో చెప్పలేం. ఈ లోపు మొదటి వారం, పది రోజులు వికారం, తలనొప్పి, గాభరా, నిద్రలో తేడా రావచ్చు. చాలామంది సరిగ్గా ఇక్కడే మానేస్తారు, మేలు మొదలవకముందే. ఇవి ఎక్కువమందికి వాటంతట అవే తగ్గుతాయి.

తగ్గకుండా ఉండిపోయే ఇబ్బంది ఒకటి ఉంది. లైంగిక కోరిక తగ్గడం, తృప్తి ఆలస్యమవడం. సిగ్గుపడి డాక్టరుకు చెప్పకుండా మాత్రలే మానేసేవాళ్లు ఎందరో. మొహమాటపడకండి. డోసు తగ్గించవచ్చు, బుప్రోపియాన్ లాంటి ఈ ఇబ్బంది తక్కువున్న మందుకు మార్చవచ్చు. బరువు పెరగడం కూడా కొన్ని మందులతో ఉంటుంది, ముఖ్యంగా మిర్టజపిన్‌తో. పెద్ద వయసువాళ్లలో రక్తంలో సోడియం పడిపోయి తికమక, తూలడం రావచ్చు. అలా అనిపిస్తే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. 25 ఏళ్లలోపు వాళ్లకు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక పెట్టింది. అందుకని వాళ్లకు మందు ఇవ్వకూడదని కాదు. మొదటి నెల ఇంట్లో ఒకరు దగ్గరుండి గమనించాలి, డాక్టరును త్వరత్వరగా కలవాలి. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి ట్రమడాల్, డైక్లోఫెనాక్ లాంటివి కొనుక్కునే అలవాటు ఉంటే అది కూడా చెప్పాలి. వీటితో కలిస్తే ఇబ్బందులు ఉంటాయి. మద్యం సంగతి కూడా దాచకండి.

"అలవాటు పడిపోతాం" అన్న భయం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఊళ్లలో ఆర్‌ఎంపీ దగ్గరో, మెడికల్ షాపులోనో "టెన్షన్ తగ్గడానికి" ఇచ్చేవి చాలాసార్లు అల్ప్రజోలామ్, క్లోనజెపామ్. వేసుకున్న గంటలోపే హాయిగా అనిపిస్తుంది. నెలల తరబడి వాడితే అవి లేకుండా నిద్రే పట్టదు. అలవాటు పడేది వీటికి. డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు వీటిలాంటివి కావు. ఇంకా ఇంకా కావాలన్న యావ పుట్టించవు. ఒక్కసారిగా ఆపితే మాత్రం కొన్నాళ్లు ఇబ్బంది పెడతాయి. అందుకే మెల్లగా తగ్గిస్తారు. మీ చీటీలో ఏ మాత్ర దేనికో డాక్టరును అడిగి, పక్కనే రాయించుకోండి. మొదటి వారాల్లో నిద్ర కోసం క్లోనజెపామ్ కలిపి రాస్తే, దాన్ని ఏ తేదీన ఆపాలో కూడా రాయించుకోండి.

ఇక మందుల పరిమితి. అమెరికాలో 4,000 మందికి పైగా రోగులతో జరిగిన స్టార్-డి అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నవాళ్లు సుమారు మూడో వంతు మందే. మిగిలినవాళ్లకు మందు మార్చాలి, లేదా ఇంకొకటి కలపాలి. ఏళ్లుగా డిప్రెషన్‌తో బతికినవాళ్లకు నిద్ర, ఆకలి బాగుపడినా మిగిలిపోయేవి కొన్ని ఉంటాయి. ఎవరికీ "కాదు" అని చెప్పలేకపోవడం, ఏం చేసినా ఫలితం ఉండదన్న నమ్మకం, మనుషుల నుంచి తప్పుకుని తిరగడం. పదేళ్ల అలవాట్లు మాత్రతో మారవు.

థెరపీ ఒక్కటే అయితే

మన దగ్గర కౌన్సెలింగ్ అంటే సలహా అనుకుంటారు. "ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు, గుడికి వెళ్లు" అని ఒక పెద్దమనిషి చెప్పడం. డిప్రెషన్ ఉన్నవాళ్లు అలాంటి మాటలు ఇంట్లోనే కావలసినన్ని విని ఉంటారు. థెరపీ అది కాదు. దానికి ఒక పద్ధతి, సెషన్ల లెక్క, మధ్యలో ఇంటి దగ్గర చేయాల్సిన పని ఉంటాయి.

డిప్రెషన్‌కు బాగా పరీక్షించిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ)లో, మనసులో తనంతట తాను మెదిలే ఆలోచనలను పట్టుకుని అవి ఎంతవరకు నిజమో పరీక్షిస్తారు. బిహేవియరల్ యాక్టివేషన్‌లో ఆలోచనల జోలికి పోకుండా పనులతో మొదలుపెడతారు. ఉత్సాహం వచ్చాక చేద్దాం అని ఎదురుచూడకుండా, గంటల వారీగా చిన్న పనులు రాసుకుని చేయడం, చేశాక మనసు ఎలా ఉందో గుర్తు పెట్టుకోవడం. ఇంటర్‌పర్సనల్ థెరపీ భార్యాభర్తల గొడవ, ఆప్తుల మరణం, ఉద్యోగం పోవడం లాంటి వాటి మీద దృష్టి పెడుతుంది.

అచ్చంగా ఏళ్లుగా వదలని డిప్రెషన్ కోసమే తయారైన పద్ధతి ఒకటి ఉంది. అమెరికన్ సైకాలజిస్టు జేమ్స్ మెకల్లో రూపొందించిన సీబాస్ప్. ఇది మన దగ్గర అరుదు. అయినా దీనిలో చేసే పని తెలిస్తే, మంచి థెరపీ ఎలా ఉంటుందో అర్థమవుతుంది. ప్రతి సెషన్‌లో ఈమధ్య జరిగిన ఒక్క సంఘటననే తీసుకుంటారు. ఉదాహరణకు అన్నయ్య ఫోన్ చేసి నాన్న వైద్యానికి మీ వాటా మొత్తం రేపే పంపమన్నాడు. మీరు "సరే" అని ఫోన్ పెట్టేశారు. రాత్రంతా నిద్ర పట్టలేదు. థెరపిస్టు వరుసగా అడుగుతారు. సరిగ్గా ఏం జరిగింది? ఆ క్షణంలో ఏమనుకున్నారు? "నేనేం చెప్పినా ఎవరూ వినరు" అనుకున్నాను. ఏం చేశారు? ఏమీ అనలేదు. చివరికి ఏమైంది? అప్పు చేసి పంపాను. ఏం జరిగి ఉంటే బాగుండేది? "ఈ నెల సగం, వచ్చే నెల సగం పంపుతాను" అని చెప్పగలిగి ఉంటే. మరి "ఎవరూ వినరు" అన్న ఆలోచన మిమ్మల్ని అటు తీసుకెళ్లిందా, దూరం చేసిందా? తర్వాత ఆ ఫోన్ సంభాషణను ఇద్దరూ అక్కడే సాధన చేస్తారు. ఇలా వారాల తరబడి చేస్తే, తాను చేసేదానికీ తనకు జరిగేదానికీ సంబంధం ఉందని మనిషికి మళ్లీ తెలిసివస్తుంది. ఏళ్ల డిప్రెషన్ ముందుగా మింగేసేది ఆ నమ్మకాన్నే.

థెరపీకి ఒంటి మీద దుష్ప్రభావాలు ఉండవు. నేర్చుకున్నది సెషన్లు అయిపోయాక కూడా పనికొస్తుంది. గర్భం కోసం చూస్తున్నవాళ్లకు, ఇప్పటికే షుగరు, బీపీ, గుండె మందులతో సతమతమయ్యేవాళ్లకు ఇది పెద్ద ఊరట. ఇబ్బందులూ చిన్నవి కావు. ఫలితం మందుల కంటే నెమ్మదిగా వస్తుంది. వారం వారం సమయం, డబ్బు కావాలి. మొదటి కొన్ని సెషన్లలో పాత గాయాలు కదిలి మనసు ఇంకా బరువెక్కవచ్చు. అసలు మంచం మీద నుంచి లేవలేని మనిషికి ఇంటి పని ఇస్తే, అది చేయలేక "ఇది కూడా నా వల్ల కాలేదు" అని ఇంకా కుంగిపోయే ప్రమాదం ఉంది.

రెండూ కలిపితే ఏం తెలిసింది

ఈ విషయంలో ఎక్కువగా చెప్పుకునే అధ్యయనం 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మార్టిన్ కెల్లర్ బృందం అమెరికాలో దీర్ఘకాలిక డిప్రెషన్ ఉన్న 681 మందిని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకు నెఫజోడోన్ అనే మందు, ఒక గుంపుకు సీబాస్ప్ థెరపీ, మూడో గుంపుకు రెండూ. 12 వారాలు చివరిదాకా కొనసాగినవాళ్లలో మందు గుంపులో 55 శాతం, థెరపీ గుంపులో 52 శాతం, రెండూ తీసుకున్న గుంపులో 85 శాతం మందికి బాగా తగ్గింది. మధ్యలో మానేసినవాళ్లను కూడా లెక్కేస్తే 48, 48, 73 శాతం. అలా చూసినా తేడా పెద్దదే. మందు తీసుకున్నవాళ్లకు మొదటి నాలుగు వారాల్లో వేగంగా తగ్గింది. థెరపీ రెండో సగంలో అందుకుంది. నెఫజోడోన్‌తో కాలేయం తీవ్రంగా దెబ్బతిన్న కేసులు బయటపడి తర్వాత దాని వాడకం చాలా దేశాల్లో ఆగిపోయింది. కాబట్టి అందులోంచి మనం తీసుకోవాల్సింది మందు పేరు కాదు, రెండూ కలిస్తే వచ్చిన తేడా.

అదే అధ్యయనం లెక్కలను తర్వాత మళ్లీ పరిశీలిస్తే ఇంకో రెండు సంగతులు తెలిశాయి. చిన్నతనంలో దెబ్బలు, లైంగిక వేధింపులు, తల్లినో తండ్రినో కోల్పోవడం లాంటివి అనుభవించినవాళ్లకు, మందు ఒక్కటి కంటే థెరపీ ఒక్కటే ఎక్కువ మేలు చేసింది. అలాంటి గతం ఉన్నవాళ్లు మందులతోనే నెట్టుకురావడం నాకు బాధగా అనిపిస్తుంది. మన ఆసుపత్రుల్లో ఆ ప్రశ్న అడిగే తీరికే ఉండదు. అడగకపోయినా మీరే చెప్పండి. రెండోది, తాము ముందు నుంచి ఇష్టపడిన చికిత్సే దొరికినవాళ్లు మెరుగ్గా కోలుకున్నారు. "నాకు మందులంటే ఇష్టం లేదు" అన్న మాటను డాక్టరు మొండితనంగా తీసుకోకూడదు. ఎంపికలో అదీ ఒక లెక్కే.

కలిపితే ప్రతిసారీ లాభమేనా అంటే, కాదు. 2009లో వచ్చిన రివ్యాంప్ అధ్యయనంలో, మందులతో పూర్తిగా కోలుకోని దీర్ఘకాలిక డిప్రెషన్ రోగులకు మందులను సవరిస్తూ థెరపీ కూడా కలిపి చూశారు. మందులను మాత్రమే సవరించిన గుంపు కంటే గుర్తించదగ్గ తేడా రాలేదు. దాన్ని పక్కన పెట్టలేం. అయితే 2013లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం కోబాల్ట్ వేరే మాట చెప్పింది. బ్రిస్టల్, ఎక్సెటర్, గ్లాస్గోలలో, కనీసం ఆరు వారాలు మందులు వాడినా తగ్గని 469 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యంతో పాటు 12 నుంచి 18 సీబీటీ సెషన్లు ఇచ్చారు. ఆరు నెలలకు లక్షణాలు సగానికి తగ్గినవాళ్లు సీబీటీ కలిపిన గుంపులో 46 శాతం, మామూలు వైద్యం గుంపులో 22 శాతం. దాదాపు నాలుగేళ్ల తర్వాత చూసినా 43, 27 శాతంగా తేడా నిలిచే ఉంది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది: థెరపీని చివర్లో పేరుకు కొన్ని సెషన్లుగా తగిలిస్తే పెద్దగా ఒరగదు. తగినన్ని సెషన్లు, పద్ధతి ప్రకారం, రోగికి ఇష్టమై చేస్తే నిలబడుతుంది. బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ వైద్యం చేయాలో సూచించే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో కూడా తీవ్రమైన డిప్రెషన్‌కు సీబీటీ, మందు కలిపి ఇవ్వడాన్ని ముందు వరుసలో పెట్టారు. తేలికపాటి డిప్రెషన్‌కు మాత్రం, రోగి కోరితే తప్ప మందులతో మొదలుపెట్టవద్దన్నారు.

ఎందుకు కలుస్తాయి ఈ రెండూ? మోకాలి ఆపరేషన్ అయ్యాక నొప్పి మాత్ర వేసుకుంటేనే ఫిజియోథెరపీ చేయగలుగుతాం, ఫిజియోథెరపీ చేస్తేనే కాలు నిలుస్తుంది. ఇక్కడా అంతే. మందు వల్ల నిద్ర, ఏకాగ్రత కాస్త తేరుకుంటాయి, దాంతో థెరపీలో చెప్పిన పని చేసే ఓపిక వస్తుంది. ఇక వారం వారం ఒకరిని కలుస్తుంటే మందు మధ్యలో మానేయడం తగ్గుతుంది, ఇబ్బందులు తొందరగా బయటపడతాయి.

మీ పరిస్థితిని బట్టి

లక్షణాలు తేలికగా ఉండి, పనులు చేసుకోగలుగుతూ, మందులంటే ఇష్టం లేకపోతే థెరపీతోనే మొదలుపెట్టండి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక తెలుగులోనూ దొరుకుతుంది. 27కు 10 లోపు వస్తే సాధారణంగా తేలిక అంటారు. అయితే తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాకపోతే మొత్తం ఎంత వచ్చినా డాక్టరును కలవాలి.

20 దాకా వచ్చినా, నిద్రా తిండీ పోయినా మందు ముందు. తల తేలికపడ్డాక, అంటే నాలుగో వారం నుంచి థెరపీ కలపవచ్చు. మొదటి రోజు నుంచే రెండూ అని పట్టుబట్టనక్కర్లేదు.

ఏళ్లుగా మందులే వాడుతూ "ముందు కంటే నయమే, కానీ సంతోషం అంటూ లేదు" అనే స్థితిలో ఉన్నవాళ్లకు మరో మందు కలిపే ముందు థెరపీ అడగమని చెబుతాను. ముందుగా ఒక సంగతి చూసుకోండి: వాడుతున్న డోసు సరిపడా ఉందా? మొదలుపెట్టే డోసు దగ్గరే ఏళ్లు ఆగిపోయినవాళ్లు తక్కువేమీ కాదు. అదే విధంగా, థెరపీకి మాత్రమే వెళ్తూ 12 వారాలు దాటినా పీహెచ్‌క్యూ స్కోరు పెద్దగా కదలకపోతే, మందు గురించి మాట్లాడే సమయం వచ్చినట్టే. థెరపిస్టు బాగా వింటారు, మంచివారు అన్న మొహమాటంతో ఆగిపోవద్దు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడుతున్న మందును భయంతో ఒక్కసారిగా మానేయకూడదు. తల్లి డిప్రెషన్ తిరగబెట్టడం కూడా బిడ్డకు హానే. సెర్ట్రలిన్ లాంటివి ఈ దశలో డాక్టర్లు తరచూ వాడుతుంటారు. సైకియాట్రిస్టు, గైనకాలజిస్టు ఇద్దరికీ ఒకరి చీటీ ఒకరికి చూపించండి.

ఇంట్లో రోజూ కొట్టే భర్త ఉన్నా, తీరని అప్పులున్నా, మందూ థెరపీ రెండూ కలిపినా సగం పనే చేస్తాయి. ముందు రక్షణ, ఆ తర్వాతే మిగతావి. మంచి థెరపిస్టు ఆ మాట మొదటి సెషన్లోనే మాట్లాడతారు. యోగా, నడక, వ్యాయామం మేలు చేస్తాయి. చికిత్సకు తోడుగా పెట్టుకోండి, బదులుగా కాదు.

ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకు

మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ సైకియాట్రీ లేదా డీపీఎం, డీఎన్‌బీ చదివిన డాక్టరు. థెరపీ చేసేది ఎక్కువగా క్లినికల్ సైకాలజిస్టు. ఈ పేరు పెట్టుకోవడానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబర్ అడగడం అమర్యాదేమీ కాదు. మూడు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్ గోడకు తగిలించినవాళ్లూ "థెరపిస్ట్" బోర్డు పెడుతున్నారు, జాగ్రత్త. మొదటి కలయికలోనే అడగండి: మీరు ఏ పద్ధతిలో చేస్తారు, సుమారు ఎన్ని సెషన్లు, మెరుగుదల ఎలా కొలుస్తారు, నా డాక్టరుతో మాట్లాడతారా? సూటిగా సమాధానం చెప్పలేకపోతే వేరేవాళ్లను చూసుకోండి.

హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల సైకియాట్రీ విభాగాల్లో మందులకు ఖర్చు ఉండదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లోనూ చూస్తారు. ఓపీలో మీకు దొరికే సమయం తక్కువ. అందుకే చెప్పాల్సినవి ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. అక్కడే సైకాలజిస్టు ఉంటే పేరు నమోదు చేయించుకోండి.

ప్రైవేటులో ఖర్చంతా థెరపీదే. సెషన్‌కు 1,500 అనుకుంటే 16 సెషన్లకు 24,000 రూపాయలు. అందరికీ అందేది కాదు. పది సెషన్ల తర్వాత రెండు వారాలకోసారికి మార్చుకోవడం, శిక్షణలో ఉన్న సైకాలజిస్టులు సీనియర్ల పర్యవేక్షణలో చూసే సంస్థలకు వెళ్లడం, గ్రూప్ థెరపీ... ఇవి ఖర్చు తగ్గించే దారులు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ కవరేజీ ఇవ్వాలి. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. ఓపీ కవర్ ఉందో లేదో చూసుకోండి.

థెరపిస్టు అసలే దొరకని ఊళ్లో ఉంటే? గోవాలో సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం చేసిన పని ఆశ కలిగిస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మానసిక వైద్యం చదవని స్థానికులకే శిక్షణ ఇచ్చి, బిహేవియరల్ యాక్టివేషన్ ఆధారంగా 6 నుంచి 8 సెషన్లు చేయించారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు ఆ గుంపులో 64 శాతం మంది కోలుకున్నారు. మామూలు వైద్యం అందినవాళ్లలో 39 శాతం. అందులో ఉన్నవాళ్లంతా దీర్ఘకాలిక రోగులు కారు. అయినా పద్ధతి సరిగ్గా ఉంటే పెద్ద డిగ్రీ లేకుండానే మేలు జరుగుతుందని తేలింది. మన రెండు రాష్ట్రాల్లో ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఇలాంటి శిక్షణ ఇప్పించాలని గట్టిగా కోరుకుంటున్నాను. అప్పటిదాకా వీడియో కాల్‌లో తెలుగులో థెరపీ చేసేవాళ్లను వెతుక్కోవచ్చు. తలుపు మూసుకుని మాట్లాడగలిగే గది ఉంటే చాలు. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు మాత్రం, తాముండే రాష్ట్రంలో లైసెన్సు ఉన్న థెరపిస్టునే చూసుకోవాలి. తెలుగు మాట్లాడేవాళ్లు దొరికితే మరీ మంచిది.

మొదలుపెట్టాక

మొదటి రోజే పీహెచ్‌క్యూ-9 నింపి తేదీ వేయండి. ఆ తర్వాత రెండు వారాలకోసారి నింపండి. ఏళ్లుగా డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు బాగుపడుతున్న సంగతి తమకు తెలియదు, స్కోరులో ముందు కనిపిస్తుంది. ఆరో వారానికి మందులో కదలిక లేకపోతే డోసో మందో మార్చాలి. 12వ వారానికి థెరపీలో కదలిక లేకపోతే పద్ధతి గురించి మాట్లాడాలి. రెండు మూడు మందులు, సరైన థెరపీ చూశాక కూడా తగ్గకపోతే లిథియం లాంటివి కలపడం, తీవ్రమైన కేసుల్లో ఈసీటీ (తలకు కొద్ది క్షణాలు కరెంటు ఇచ్చే చికిత్స) ఉన్నాయి. ఈసీటీని ఇప్పుడు మత్తు ఇచ్చి చేస్తారు. సినిమాల్లో చూపించినట్టు ఉండదు.

సైకియాట్రిస్టు, థెరపిస్టు వేర్వేరు చోట్ల ఉంటే ఇద్దరి మధ్యా సమాచారం చేరవేయాల్సింది మీరే. నెలకోసారి అర పేజీలో రాసి ఇద్దరికీ ఇవ్వండి: ఏ డోసు, ఏం ఇబ్బంది, స్కోరు ఎంత, థెరపీలో దేని మీద పనిచేస్తున్నారు.

బాగుపడ్డాక ఏది ముందు ఆపాలన్న ప్రశ్న వస్తుంది. కోలుకున్నాక కనీసం 6 నుంచి 9 నెలలు మందు కొనసాగించాలి. ఏళ్లుగా ఉన్నవాళ్లకు, పదేపదే వచ్చినవాళ్లకు రెండేళ్లు, ఇంకా ఎక్కువ కూడా చెబుతారు. థెరపీ సెషన్లన్నీ అంతకుముందే ఖర్చు చేసేయకండి. మూడు నాలుగు సెషన్లు మందు తగ్గించే కాలానికి అట్టిపెట్టుకోండి. పిల్లల పరీక్షలు, ఇంట్లో పెళ్లి, ఉద్యోగం మారే సమయం కాకుండా కాస్త నెమ్మదైన నెలలు చూసుకుని, డాక్టరు చెప్పినట్టు వారాలు, నెలల మీద డోసు తగ్గించండి.

తగ్గించిన కొద్ది రోజుల్లోనే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, చిరాకు, చిత్రమైన కలలు వస్తే అవి ఎక్కువగా మందు తగ్గించడం వల్ల వచ్చేవి. పారాక్సిటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఇవి ఎక్కువ, ఫ్లూవాక్సిటిన్‌తో తక్కువ. చాలామందికి కొద్ది వారాల్లో తగ్గుతాయి, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అలా కాకుండా కొన్ని వారాలు బాగానే గడిచి, ఆ తర్వాత మెల్లగా నిద్ర చెడి, మనుషుల్ని తప్పించుకోవడం మొదలై, స్కోరు మళ్లీ 10 దాటితే అది జబ్బు తిరగబెట్టడం కావచ్చు. ఏదో తేలకపోతే ఇంకా తగ్గించకుండా ఉన్న డోసు దగ్గరే ఆగి, ఆ వారంలోనే డాక్టరునూ థెరపిస్టునూ ఇద్దరినీ కలవండి.